పుట్టిన ఋతువు – మనోవ్యాధి

సికిందరాబాదు చెంత బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. అంతకుముందు ఆ జ్వరమునకు కారణము చిత్తడినేలల చెడుగాలి యని జనులు తలంచెడివారు. వానకాలమునకును జ్వరమునకును సంబంధము నిజమే. కాని దోషము కాలమునది కాదు, ఆ కాలమున పెరుగు దోమది.

మనోవ్యాధుల విషయమునను ఈ వివేకమే కావలసియున్నది. స్కిజోఫ్రీనియా సోకినవారికి ఎవ్వరును పలుకని మాటలు వినబడును. ఆధారములేని అనుమానములు బలపడును. ఆలోచనల పొందిక చెడును. ఈ రోగులలో చలికాలమున పుట్టినవారు కొంత యెక్కువగా నున్నారని 1929లో స్విట్జర్లాండు వైద్యుడు ట్రామర్ గమనించెను. ఉత్తరార్ధగోళమున శీత, వసంత ఋతువులలో పుట్టిన రోగులు నూటికి 5 నుండి 8 వంతులు అధికమని పిదప తేలినది. భూమధ్యరేఖకు దూరమైనకొలది ఈ భేదము స్పష్టమగును. మన నగరము 17 డిగ్రీల అక్షాంశముననే యున్నది. కావున ఆ లెక్కను ఇచ్చటికి యథాతథముగా అన్వయించుట తగదు. గర్భిణికి సోకిన ఇన్‌ఫ్లుయెంజా, ఎండ చాలక విటమిన్ డి తగ్గుట మున్నగు కారణములను శాస్త్రజ్ఞులు శంకించుచున్నారు. ఏదియు ఇంకను స్థిరపడలేదు.

మరియొక సూచన దేహమందు కలదు. పిడికిలి, చేతి అంచు, అరచేయి – ఈ మూటిని వరుసగా బల్లపై మోపుమన్నచో కొందరు రోగులు తడబడుదురు. కనులు మూసికొనినపుడు అరచేత వ్రాసిన అంకెను పోల్చుకొనలేరు. ఇవి సూక్ష్మ నాడీలక్షణములు. మందులు ఆరంభింపని రోగులలోను, వ్యాధిలేని వారి తోబుట్టువులలోను ఇవి కొంతవరకు కానవచ్చును. అందుచే ఈ వ్యాధికి మూలము మెదడు ఎదుగుదలలో నున్నదని పలువురి యూహ.

అయినను పుట్టిన నెల జాతకఫలము కాదు. వేయిమందిలో పదిమందికి ఈ వ్యాధి వచ్చుననుకొన్నను, 8 వంతులు పెరిగినచో ఆ సంఖ్య పదకొండునకు చేరదు. చేతులు తడబడు బాలురందరును రోగులు కారు. పెక్కుమందికి వయసుతో ఆ తడబాటు తొలగును.

ఉపాధ్యాయులు గమనింపవలసినది వేరు. యౌవనారంభమున విద్యార్థి చదువులో హఠాత్తుగా వెనుకబడి, తోడివారిని విడిచి, లేని మాటలు వినుచున్నట్లు ప్రవర్తించినచో, తల్లిదండ్రులు పంచాంగము విప్పక ఎర్రగడ్డ మానసిక వైద్యశాల వంటిచోటికి కొనిపోవునట్లు చెప్పవలెను. 14416 సంఖ్యకు ఫోను చేసినను ఉచితముగా సలహా లభించును. చికిత్స ఎంత త్వరగా ఆరంభమైన అంత మేలు. గ్రహశాంతులతో గడచిన నెలలు తిరిగిరావు.