మూల ముక్క ఏమైంది, నాన్నా?

మనలో చాలామంది ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. చదివి ఇక్కడికి వచ్చినవాళ్ళమే. డిఫరెన్షియేషన్ అంటే చాలు, అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా ఫార్ములాలు అప్పజెప్పగలం. సైన్‌కి కాస్, కాస్‌కి మైనస్ సైన్, ఎక్స్ పవర్ ఎన్ అయితే ఎన్ ముందుకు తెచ్చి పైన ఒకటి తగ్గించడం. తెలుగు మీడియం వాళ్ళకైతే అవధి, ప్రమేయం, అవకలనం అన్న మాటలు తెలుగు అకాడమీ పుస్తకంతో సహా ఇప్పటికీ కళ్ళముందు కదులుతాయి. మా రోజుల్లో ఎంసెట్‌కి అంతే చాలింది. అమెరికాలో హైస్కూలు చదివే పిల్లల పక్కన కూర్చున్నప్పుడు మాత్రం చాలదు. ఆ సంగతి నాకు కిందటి చలికాలంలో తెలిసింది.

మా అమ్మాయి ఏపీ క్యాలిక్యులస్ తీసుకుంది. ఒక ఆదివారం సాయంత్రం వంటింట్లో బల్ల మీద హోంవర్క్ ముందేసుకుని, "నాన్నా, రెండు ఫంక్షన్లను కూడితే విడివిడిగా డెరివేటివ్ తీసి కూడెయ్యొచ్చు కదా. మరి గుణించినప్పుడు విడివిడిగా తీసి గుణించెయ్యకూడదా?" అని అడిగింది.

"కూడదమ్మా. దానికి యూవీ ఫార్ములా ఉంది."

"ఫార్ములా నాకూ తెలుసు. ఎందుకలా అని అడుగుతున్నా."

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న నేనెన్నడూ ఎవరినీ అడగలేదు. ఆ ఫార్ములాతో వందల లెక్కలు చేశాను, మార్కులు తెచ్చుకున్నాను, ఆ మార్కులతోనే ఇంజనీరింగ్ సీటు, ఆ సీటుతోనే ఈ దేశం. అది మాత్రం ఎందుకలా ఉందో తెలియదు. నా మొహం చూసి, "అయితే ఇదంతా బట్టీయేనన్నమాట. నేను స్టాటిస్టిక్స్‌కి మారిపోతాను" అని పుస్తకం మూసేసింది. మారడానికి స్కూల్లో ఇచ్చిన ఫారం అప్పటికే ఆమె బ్యాగులో ఉంది.

ఆ రాత్రి పాత ఫార్ములాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మర్నాడు సాయంత్రం ఒక తెల్లకాగితం మీద బొమ్మ గీశాను. అదే ఇక్కడ మీకూ చెబుతున్నాను.

పెరట్లో నలుపలకల కూరగాయల మడి ఉందనుకోండి. పొడవు 10 అడుగులు, వెడల్పు 10 అడుగులు, వైశాల్యం 100. అటూ ఇటూ చెరొక 0.1 అడుగు పెంచుదాం. ఇప్పుడు రెండు పక్కల రెండు సన్నని పట్టీలు వచ్చి చేరతాయి. ఒక్కొక్కటి 10 ఇంటూ 0.1, అంటే 1. రెండూ కలిపి 2. మూలలో చిన్న ముక్క ఒకటి మిగులుతుంది, 0.1 ఇంటూ 0.1, అంటే 0.01. మొత్తం పెరిగింది 2.01. భుజం 0.1 పెరిగితే వైశాల్యం 2.01 పెరిగింది, అంటే 20.1 రెట్లు. భుజం 0.01 మాత్రమే పెంచి చూడండి, 20.01 రెట్లు వస్తుంది. పెంపు తగ్గేకొద్దీ అది 20కి దగ్గరవుతుంది. ఎక్స్ స్క్వేర్ డెరివేటివ్ రెండు ఎక్స్ అని మనం వల్లె వేసింది ఇదే. ఆ రెండు ఎక్కడిదంటే, పట్టీలు రెండు. ఘనం తీసుకుంటే మూడు ముఖాల మీద మూడు పలకలు చేరతాయి, కనుక మూడు ఎక్స్ స్క్వేర్. ఎన్ ముందుకు రావడమంటే ఎన్ వైపుల నుంచి పెరగడమే. స్థిరరాశికి సున్నా ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, పెరగనిదానికి పట్టీ ఏముంటుంది?

ఇక యూవీ. మడి పొడవు యు, వెడల్పు వి అనుకోండి. పొడవు కొంచెం పెరిగితే వి వెడల్పున ఒక పట్టీ. వెడల్పు కొంచెం పెరిగితే యు పొడవున ఇంకొక పట్టీ. మొదటిది ఇంటూ రెండోదాని డెరివేటివ్, ప్లస్ రెండోది ఇంటూ మొదటిదాని డెరివేటివ్. మనం పాటలా పాడుకున్న ఫార్ములా ఈ రెండు పట్టీలే. అయితే మా అమ్మాయి గుణించాలనుకున్నదేమిటి? ఈ పెంపునీ ఆ పెంపునీ. అంటే మూల ముక్కని! రెండు పెద్ద పట్టీలు వదిలేసి, పారేయాల్సిన ఆ చిన్న ముక్కని చేతిలో పట్టుకుంది. బొమ్మ మీద వేలు పెట్టి చూపిస్తే తనే నవ్వేసింది.

ఆమెకు ఇంకో మాట కూడా చెప్పాను. ఆ అనుమానం తనకొక్కదానికే రాలేదు. క్యాలిక్యులస్‌ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకడైన లైబ్నిజ్, 1675 నవంబరులో రాసుకున్న కాగితాల్లో సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకున్నాడు. లబ్ధం డెరివేటివ్ అంటే డెరివేటివ్‌ల లబ్ధమేనా అని. ఉదాహరణతో పరీక్షించి, కాదని తేల్చుకున్నాడు. మీరూ చేసి చూడండి. ఎక్స్‌ని ఎక్స్‌తో గుణిస్తే ఎక్స్ స్క్వేర్. ఎక్స్ డెరివేటివ్ ఒకటి, ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటి. కానీ రావాల్సింది రెండు ఎక్స్. సరైన నియమం ఆ నెలలోనే ఆయనకు చిక్కింది. కూడిక, గుణకారం, భాగహారం, ఘాతాల నియమాలన్నీ కలిపి 1684లో అచ్చువేశాడు. లైబ్నిజ్ అంతటివాడికే వచ్చిన అనుమానమని తెలిశాక మా అమ్మాయి కుర్చీ బల్లకి కాస్త దగ్గరగా జరిగింది.

అంతలోనే రెండో ప్రశ్న వచ్చిపడింది. "మరి మూల ముక్క ఏమైంది, నాన్నా? ఉన్నదాన్ని లేదని ఎలా పారేస్తారు?"

ఇది మొదటిదానికంటే గట్టి ప్రశ్న. 1734లో బర్క్లీ అనే బిషప్పు ఏకంగా ఒక పుస్తకం రాసి గణితవేత్తలను ఇదే అడిగాడు. భాగించేటప్పుడు ఆ పెంపు సున్నా కాదంటారు, భాగించాక సున్నా అని పారేస్తారు, ఇదేం న్యాయమని. సూటి జవాబు రావడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. 1821లో కోషీ రాసిన పాఠ్యపుస్తకంతో, ఆ తర్వాత వైయర్‌స్ట్రాస్ పనితో లిమిట్ అనే భావన స్థిరపడింది. మనం ఏదీ పారేయడం లేదు. 20.1, 20.01, 20.001 అని పోతున్న వరుస ఏ సంఖ్యకి ఎంత కావాలంటే అంత దగ్గరగా పోతోందో ఆ సంఖ్య పేరు చెబుతున్నాం, అంతే. పట్టీ వాటా 20 దగ్గర కదలకుండా నిలబడుతుంది, మూల ముక్క వాటా పెంపుతోపాటే కరిగిపోతుంది. ఇంటర్ పుస్తకంలో అవధులు ముందు చెప్పి అవకలనం తర్వాత ఎందుకు చెప్పారో నాకు ఆ రోజే అర్థమైంది. ఆ అవధుల అధ్యాయం మేము గబగబా దాటేసినదే!

భాగహారం నియమాన్ని ఇక్కడి పిల్లలు ఒక చిన్న పాటగా నేర్చుకుంటారు. అందులో మైనస్ ఎందుకో, కింద స్క్వేర్ ఎందుకో పాట చెప్పదు. మన అసోసియేషన్ పిక్నిక్ లెక్క చెబుతుంది. ఖర్చు 4000 డాలర్లు, వచ్చేవాళ్ళు 100 మంది అనుకోండి. తలకి 40. ఖర్చు పెరిగితే తలవాటా పెరుగుతుంది, అది ప్లస్. మనుషులు పెరిగితే తలవాటా తగ్గుతుంది, అది మైనస్. ఎంత తగ్గుతుంది? ఇంకొకాయన వచ్చాడు, ఇప్పుడు 4000ని 101తో భాగిస్తే సుమారు 39.60. తగ్గింది దాదాపు 40 సెంట్లు. 4000ని 100 స్క్వేర్‌తో, అంటే 10,000తో భాగించి చూడండి, సరిగ్గా 0.40. కొత్తగా వచ్చినాయన కట్టే 40 డాలర్లని వందమందికీ పంచుతున్నాం కదా, అందుకే వందతో రెండుసార్లు భాగించాల్సి వచ్చింది.

పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది చైన్ రూల్ దగ్గర. కారులో స్మోకీ మౌంటెన్స్ ఎక్కుతున్నారనుకోండి. పైకి వెళ్ళేకొద్దీ వెయ్యి అడుగులకి సగటున 3.5 డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లబడుతుంది. మీ కారు నిమిషానికి 100 అడుగుల ఎత్తు ఎక్కుతోంది. అయితే నిమిషానికి ఎంత చల్లబడుతుంది? 0.35 డిగ్రీలు. రెండు రేట్లూ గుణించేశాం, అంతకుమించి ఏమీ లేదు. సైన్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్‌కి కాస్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్ అని రాసి వదిలేస్తే, చల్లబడే రేటు చెప్పి కారు వేగం మరిచిపోయినట్టు. లోపలిదాని డెరివేటివ్ రెండు ఎక్స్‌తో గుణించి తీరాలి.

సైన్‌కి కాస్ ఎందుకన్నది జెయింట్ వీల్ ఎక్కినవాళ్ళకి తెలుసు. ఇరుసుతో సమానమైన ఎత్తులో ఉన్నప్పుడు మనం నిటారుగా, జోరుగా పైకి లేస్తాం. శిఖరానికి చేరినప్పుడు ఒక్క క్షణం లేవడమే ఆగిపోతుంది. ఎత్తు సైన్ అయితే, ఎత్తు పెరిగే రేటు కాస్. లీలావతి రాసిన భాస్కరాచార్యుడు 1150లో పూర్తిచేసిన సిద్ధాంత శిరోమణిలో గ్రహాల తాత్కాలిక గతిని లెక్కకట్టడానికి ఈ సంబంధాన్నే వాడుకున్నాడు. అంతమాత్రాన క్యాలిక్యులస్ మొత్తం మనదేనని పిక్నిక్కుల్లో వాదించనక్కర్లేదు. కానీ పిల్లలకి ఈ పేరు చెప్పకుండా ఉండనూ అక్కర్లేదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పండి. ఈ నియమం కోణాన్ని రేడియన్లలో కొలిచినప్పుడే నిజం. క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉండిపోతే నేర్చుకున్నదంతా గంగలో కలిసినట్టే.

స్టాటిస్టిక్స్ ఫారం బ్యాగులోంచి బయటికి రాలేదు. రెండు వారాల తర్వాత టెస్టు జరిగింది. ప్రొడక్ట్ రూల్, చైన్ రూల్ లెక్కలన్నీ సరిగ్గా చేసింది. ఒక్కచోట మాత్రం రెండు మార్కులు పోయాయి. మన ఇంటర్ పుస్తకాల్లో బేస్ రాయని లాగ్ అంటే బేస్ 'ఇ' కదా, ఆ అలవాటుతో నేను నేర్పినప్పుడల్లా లాగ్ అనే రాశాను. ఇక్కడ బేస్ రాయకపోతే పది అని అర్థం. బేస్ 'ఇ' కావాలంటే ఎల్ఎన్ అని రాయాలి. ప్రశ్నలో ఎల్ఎన్ ఉంటే మా అమ్మాయి జవాబులో లాగ్ అని రాసింది, టీచరు ఎర్రసిరాతో సున్నా చుట్టారు. ఆ పేపరు తెచ్చి నా ముందు పెట్టి, "ఈ రెండు నీవి, నాన్నా" అంది.