కూత ఒక్కనిదే, గెలుపు ఏడుగురిది: తెలుగు టైటాన్స్‌కు ఓ అభిమాని చెప్పే ముచ్చట

2024 మార్చి 1. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంల ప్రో కబడ్డీ పదో సీజన్ ఫైనల్. బరిల ఒక దిక్కు పుణేరి పల్టన్, ఇంకో దిక్కు హర్యానా స్టీలర్స్. పుణె 28–25తోని గెలిచి కప్పు ఎత్తుకున్నది. స్టేడియం మనది, సీట్లల్ల కూసున్న జనం మనోళ్లు, ఈలలు మనయి. మరి మన తెలుగు టైటాన్స్ యాడున్నది? 12 టీములల్ల 12వ స్థానంల. పెండ్లి మనింట్ల, పీటల మీద కూసున్నది పొరుగోళ్లు అన్నట్టయింది.

ఆ దినం మా ఊర్ల పంచాయతీ ఆఫీసు ముంగట గద్దె మీద పది మందిమి ఒక్క ఫోన్ల మ్యాచ్ చూసినం. అయిపోయినంక ఓ పిలగాడు అడిగిండు, "అన్నా, మన టీం ఎప్పుడు గెలుస్తదే?" అని. నవ్వి ఊకున్న గని, ఆ ప్రశ్న ఇడిసిపెట్టలేదు. ఈ ముచ్చట ఆ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు. నేను కోచ్‌ను గాను, పెద్ద ఆటగాన్ని గాను. 2014ల లీగ్ మొదలైన కాడికెళ్లి ఈ టీంను చూస్తున్నోన్ని, గంతే.

ముందుగాల లెక్క చూద్దాం

టైటాన్స్ మొదటి సీజన్ కాడికెళ్లి ఉన్న టీం. అప్పుడు లీగ్‌ల ఉన్నయే 8 టీములు. రెండో సీజన్ల మనోళ్లు మూడో స్థానం తెచ్చిండ్రు. నాలుగో సీజన్ల, అంటే 2016ల, నాలుగో స్థానం. రాహుల్ చౌదరి కూతకు పోతుంటే టీవీ ముంగటికెళ్లి లేసేటోళ్లం గాదు. అన్నం గిన్నె చేతిల అట్లనే సల్లారిపోయేది.

ఆ తర్వాత కిందికి దిగుడు మొదలైంది. ఎనిమిదో సీజన్ల 22 మ్యాచ్‌లకు ఒక్కటే గెలుపు. తొమ్మిదో సీజన్ల రెండు. పదో సీజన్ల మల్ల రెండే. మూడు సీజన్లు కలిపి 66 మ్యాచ్‌లు ఆడితే 5 గెలిచినం. మూడేండ్లు వరుసగ ఆఖరి స్థానమే. ఊర్ల క్రికెట్ టీంకు గిట్లయితే కెప్టెన్‌ను బాయిల తోస్తరు.

మరి గట్ల ఎందుకయింది? పైసలు లేకనా? గాదు. పైసలు యాడ పెట్టిండ్రో చూడుండ్రి.

సగం సంచి ఒక్కని మీదనే

2019ల సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకు కొన్నరు. పదో సీజన్ వేలంల పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నరు. అప్పటిదాక ప్రో కబడ్డీల ఏ ఆటగానికీ అంత ధర పలుకలేదు. ఆ వేలంల ఒక్కో టీం ఖర్చు పెట్టే హద్దు 5 కోట్లు. అంటే టీం మొత్తానికి పెట్టాల్సిన పైసలల్ల సగానికి పైన ఒక్కని మీదనే పోయినయి.

పవన్ తప్పు ఇసుమంత లేదు. ఆ సీజన్ల ఆయన 200 రైడ్ పాయింట్లు దాటిండు. అయినా టీం గెలిచింది రెండే మ్యాచ్‌లు. ఇది ఎట్ల సాధ్యం అని చానమంది అడుగుతరు. కబడ్డీ ఆడినోనికి ఇది ఎరుకే. ఆడనోళ్ల కోసం జెర ఇడమరిచి చెప్త.

కూతకు పోయినోడు దొరికిపోతే బయట కూసోవాలె. మల్ల లోపటికి రావాలంటే తన టీం పాయింట్ కొట్టాలె. అవతలోన్ని ఒక్కన్ని అవుట్ చేస్తే మనోడు ఒక్కడు లేస్తడు. అది గూడ వరుసల, ముందుగాల బయటికి పోయినోడు ముందుగాల వస్తడు. అంటే 2.60 కోట్ల రైడర్ బెంచీ మీద కూసున్నప్పుడు ఆయనను లేపాల్సింది ఎవలు? మన డిఫెన్సు. అవతలోడు కూతకు వస్తే పట్టాలె. పట్టకపోతే కోట్ల ఆటగాడు గూడ మన లెక్కనే చూసుకుంట కూసుంటడు.

అవతలి టీములు ఇది మంచిగ పసిగట్టినయి. వాళ్ల ఉపాయం సాదా సీదా: పవన్‌ను ఒక్కసారి పట్టు, తర్వాత వాన్ని లేవనియ్యకు. ఆట మొత్తం 40 నిమిషాలు. అందుల పది నిమిషాలు పెద్ద రైడర్ బయట ఉన్నడంటే, ఆ పది నిమిషాలల్ల ఆలౌట్ అయి ఇంకో రెండు పాయింట్లు ఉత్తగ ఇచ్చినట్టే.

పట్టు ఒక్కని పని గాదు

బరిల ఏడుగురు నిలవడే తీరు యాది చేసుకోండ్రి. రెండు మూలలకు ఇద్దరు కార్నర్లు, వాళ్ల పక్కన లోపటి దిక్కు ఇద్దరు, తర్వాత ఇద్దరు కవర్లు, నడుమ ఒక్కడు. కార్నరోడు కాలు పట్టంగనే కవరోడు వచ్చి గుద్దాలె. అర సెకను ఆలిశమైతే రైడర్ గీత ముట్టుకుంటడు, పట్టినోడు, మీద పడ్డోడు ఇద్దరూ అవుట్. ఇద్దరి నడుమ చూపుతోని నడిచే మాట ఉండాలె. ఊర్ల అన్నదమ్ములు జంటగ ఆడితే ఎందుకు గట్టిగ పడ్తరు? చిన్నప్పటి సంది ఒక్క బరిల ఆడిండ్రు కాబట్టి.

గా జంట కుదరాలంటే ఒక్క సీజన్ సాలదు. మన దగ్గర ఏమైంది? ఏడో సీజన్ కాడికెళ్లి పదకొండో సీజన్ దాక ప్రతిసారి కోచ్ మారిండు. కోచ్ మారితే ఆలోచన మారుతది, ఆలోచన మారితే ఆటగాండ్లు మారుతరు. ప్రతి యేడు కొత్తగ దుక్కి దున్నుడే తప్ప పంట కోసింది లేదు.

ఇప్పుడు అదే సీజన్ల కప్పు కొట్టిన పుణెను చూద్దాం. వాళ్లు గూడ పైసలు పెట్టిండ్రు. ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లుయికి 2.35 కోట్లు ఇచ్చిండ్రు. అయితే వాడు పట్టేటోడు. మిగిలిన టీం? అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్ అసొంటి పడుచు పోరగాండ్లు. అస్లం 'యువ పల్టన్' అనే వాళ్ల సొంత అకాడమీ ల తయారైనోడు. కెప్టెన్ గూడ ఆయననే. అంటే ఇంట్ల నారు పోసుకొని, ఏండ్లు సాది, తక్కువ పడ్డ ఒక్కదాన్ని మాత్రం అంగట్ల కొన్నరు. మనం అంగట్ల పెద్ద చెట్టు కొన్నం గని నారుమడి లేదు.

మారితే మారుతది

నిరాశ మాటలు ఎక్కువైనయి గదా, ఇప్పుడు మంచి మాట. పదకొండో సీజన్ల క్రిషన్ కుమార్ హుడాను కోచ్‌గ తెచ్చుకున్నరు. దబాంగ్ ఢిల్లీకి కప్పు తెచ్చిన అనుభవం ఆయనది. ఆ సీజన్ నడుమ పవన్ గాయంతోని బయట కూసోవాల్సి వచ్చింది. ఎనుకటి టైటాన్స్ అయితే గాడ్నే కూలిపోయేది. ఈసారి విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ బరువు పంచుకున్నరు. 22 మ్యాచ్‌లల్ల 12 గెలిచిండ్రు. ఏడో స్థానంల ఆగి ప్లేఆఫ్స్ ఎంట్రుకవాసిల తప్పింది. రెండు గెలుపుల కాడికెళ్లి పన్నెండుకు!

2025ల పన్నెండో సీజన్. విజయ్ మలిక్ కెప్టెన్, భరత్ హుడా తోడు, కోచ్ గూడ మారలేదు. 2016 తర్వాత మల్ల ప్లేఆఫ్స్ చూసినం. ఫైనల్ గడప దాక పోయి, మల్ల గదే పుణేరి పల్టన్ చేతిల ఓడినం. బాధ అయింది గని, సిగ్గు కాలేదు. ఓడిపోవుడుల గూడ తేడా ఉంటది.

ఈ రెండు సీజన్లు చెప్పిన పాఠం ఒక్కటే: ఒక్కన్ని దేవున్ని చేసుడు బందు వెట్టి, కోచ్‌కు టైమిస్తే, ఏడుగురు టీం అయితరు. ఇగ దీన్ని ఇడిసిపెట్టొద్దు.

అసలు లోటు మన మట్టిలనే ఉన్నది

ఇప్పుడు మన ఊర్ల ముచ్చటకొస్త. టీం పేరుల 'తెలుగు' ఉన్నది. కూతకు పోయే పెద్ద పేర్లు చూస్తే ఎక్కువ హర్యానా, ఉత్తరప్రదేశ్ దిక్కువి. వాళ్లు పరాయోళ్లు అని నేననను. మన జెర్సీ ఏసుకున్నోడు మనోడే. గని అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉన్నది. హర్యానాల రింఢానా అసొంటి పల్లె కాడికెళ్లి పర్‌దీప్ నర్వాల్ వచ్చి ఒక్క సీజన్ల 369 రైడ్ పాయింట్లు కొడితే, ఢిల్లీ పక్కన నిజాంపూర్ అనే ఒక్క ఊర్లకెళ్లి రాకేశ్ కుమార్, మంజీత్ ఛిల్లర్ అసొంటోళ్లు వస్తే, మన ఊర్లల్ల ఎందుకు వస్తలేరు? దమ్ము లేకనా?

నా సోపతిగాని ముచ్చట చెప్త, పేరొద్దు. సంక్రాంతికి, జాతరకు యాడ కబడ్డీ పోటీ అయినా వాడు ఉండాల్సిందే. ఎడమ కార్నర్. వాడు మడమ పట్టిండంటే గుంజుకపోయేటోడు ఆ చుట్టుపక్కల లేకుండె. ఓపారి పట్నంల ట్రయల్స్ ఉన్నయని ఎవలో చెప్తే పొయ్యిండు. ఆడ మ్యాటు మీద ఆడాలె, బూట్లు ఉండాలె. వాడు పుట్టినకాడికెళ్లి మట్టిల ఉత్త కాళ్లతోని ఆడినోడు. మట్టిల కాలు జారుతది, జారి ఆగుతది. మ్యాటు మీద బూటు పట్టుకుంటది, ఒళ్లు తిరుగుతది, మోకాలు తిరగదు. అరువు బూట్లేసుకొని బరిల దిగిండు, రెండో పట్టుకే మోకాలు మెలిపడ్డది. ఊరికొచ్చి కట్టు కట్టిచ్చుకున్నడు, ఆరు నెలలు కుంటుకుంట తిరిగిండు. ఇప్పుడు ట్రాక్టర్ నడుపుతున్నడు. ట్రాక్టర్ నడుపుడు తక్కువ పని గాదు. గని వాని ఎడమ చెయ్యి ఇప్పటికీ, ఎవడన్న పక్కకెళ్లి ఉరికితే, మడమ దిక్కు పోతది.

గసొంటోడు ప్రతి మండలంల ఒకడుంటడు. మీ ఊర్ల గూడ ఉన్నడు, పేరు మీకే ఎరుక.

టీం చెయ్యాల్సిన పనులు, నా లెక్కల

ఒకటి: రెండు రాష్ట్రాలల్ల కలిపి సొంత అకాడమీని పేరుకు గాకుండ గట్టిగ నడపాలె. పదిహేను పదహారేండ్ల పోరగాండ్లను తీసుకొని మూడేండ్లు సాదాలె. తిండి, చదువు, ఆట మూడూ ఒక్కతానే ఉండాలె. ఒక పెద్ద ఆటగానికి వేలంల పెట్టే పైసలల్ల చిన్న వంతుతోని ఇది నడుస్తది.

రెండు: ట్రయల్స్ అని పోస్టర్ ఏసి పట్నానికి రమ్మనుడు కాదు, చూసేటోళ్లే ఊర్లకు రావాలె. సంక్రాంతి పోటీలు, జాతర పోటీలు, స్కూల్ గేమ్స్, గురుకులాల ఆటలు ఎప్పుడు యాడ అయితయో అందరికీ తెలిసిందే. ఒక మనిషి, ఒక కెమెరా, ఒక నోటుబుక్కు. రెండు కూతలు చూసి తీసేసుడు గాదు, ఒక పోటీ మొత్తం చూడాలె.

మూడు: మ్యాటు. జిల్లాకు రెండు మూడు తావులల్ల పాత మ్యాట్లు పరిచి, వాటి మీద ఎట్ల ఆడాలె, ఎట్ల పడాలె, మోకాలు ఎట్ల కాపాడుకోవాలె అని నేర్పిస్తే సాలు. ఆటగాండ్ల కంటే ముందుగాల మా పీఈటీ సార్లకు నేర్పుండ్రి. వాళ్లు వంద మందికి నేర్పుతరు.

నాలుగు: కోచ్‌ను, కార్నర్ల జంటను కనీసం మూడు సీజన్లు కదిలియ్యొద్దు. నాలుగు మ్యాచ్‌లు ఓడంగనే మేం ఫోన్లల్ల తిట్టుడు మొదలుపెడతం, అది నిజమే. ఆ తిట్లు ఇని టీం మార్చొద్దు.

ఐదు: మా దగ్గరికి రాండ్రి. 2025ల ఇంటి మ్యాచ్‌లు విశాఖపట్నంల ఆడిండ్రు, మంచిదే, ఆంధ్ర అభిమానులకు గూడ వాటా ఉండాలె గదా. సీజన్ ముంగట కరీంనగర్లనో, వరంగల్లనో, ఒంగోలులనో ఒక ప్రాక్టీసు మ్యాచ్ ఆడుండ్రి. పెద్ద ఆటగాన్ని పది అడుగుల దూరంల చూసిన పిలగాడు దాన్ని జన్మల మరిచిపోడు.

మన వంతు గూడ ఉన్నది

అంతా టీం మీదనే ఏసుడు సరికాదు. ఊర్ల పోటీ పెడితే డీజేకు పెట్టే పైసలల్ల సగం పక్కనపెట్టి ఐసు, కట్టు గుడ్డలు, ఒక ఆర్‌ఎంపీ డాక్టర్‌నన్న బరి పక్కన కూసోవెట్టుండ్రి. మోకాలు గుంజిన పోరన్ని "ఏం కాదు, ఆడు" అని మల్ల బరిలకు తోలొద్దు. మంచిగ ఆడే పిలగాని కూతలు ఫోన్ల తీసి దాచిపెట్టుండ్రి, రీల్స్ కోసం గాదు, అడిగినోళ్లకు చూపెట్టుటందుకు. చెల్లెండ్లు ఆడుతమంటే బరి ఇయ్యుండ్రి.

ఆ గద్దె మీద నన్ను అడిగిన పిలగాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఎడమ కార్నర్లనే నిలవడుతున్నడు. నేర్పేది ఎవలనుకున్నరు? మోకాలు పోయిన మా సోపతిగాడే. పొద్దుగూకినంక ట్రాక్టర్ లైట్లు ఏసి, బడి గ్రౌండ్ల, "మడమ చూడు, మొఖం చూడకు" అని ఒర్రుకుంట నేర్పుతున్నడు. బూట్లు మాత్రం ఇంకా లేవు. వచ్చే సంక్రాంతికి మేం పది మందిమి చందా ఏసి కొనిద్దామనుకుంటున్నం. మ్యాటు పరిచేటోళ్లు ఎవలన్న వస్తరేమో చూద్దాం.