పరీక్షవేళ జబ్బుపడిన విద్యార్థి

గ్రామపెద్దలారా,

మన గుంటూరు, ప్రకాశం మండలములలో మిరపకాయలు కళ్లములందు ఎండు దినములే పిల్లలకు పరీక్షలు వచ్చు దినములు. అప్పుడు బిడ్డకు జ్వరము తగిలినచో, ఏడాది పోవునను భయముతో మందుబిళ్ల మ్రింగించి బస్సెక్కించుట మనలో కలదు. ఆ భయమెంతవరకు నిజమో నేడు మనవి చేసెదను.

ఇందు రెండు సంగతులు వేరుగా గ్రహింపవలెను. మొదటిది హాజరు. మనవైపు ఇంజనీరింగు కళాశాలలు పెక్కు కాకినాడలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునకు అనుబంధించియున్నవి. నూటికి 75 వంతుల హాజరు లేనిదే పరీక్షకు కూర్చుండనీయరాదని దాని నియమము. అయినను 65 వంతులకు తగ్గనిచో, తగిన కారణమును రుజువుతో చూపినవారి లోటును కళాశాల మన్నింపవచ్చును. నూరు దినములు తరగతులు జరిగెననుకొందము. పచ్చకామెర్లతో 30 దినములు మంచమున నున్నవానికి మన్నింపు దొరకవచ్చును. 40 దినములు పోయినచో దొరకదు. ఆ అర్ధసంవత్సరపు పాఠములు మరల చదువవలసినదే.

రెండవది పరీక్ష. హాజరును మన్నింతురు గాని మార్కులను మన్నింపరు. రోగముచే పరీక్షకు రాలేని యోగ్యునకు పరీక్ష లేకయే పట్టమిచ్చు నాచారము ఇంగ్లండు విశ్వవిద్యాలయములలో పూర్వమునుండి వినబడుచున్నది. దానిని 'ఏగ్రోటాట్' అందురు; లాటినులో 'అతడు రోగి' అని అర్థము. పైని చెప్పిన విశ్వవిద్యాలయములో ఆ దారి లేదు. రానివానిని గైరుహాజరుగా వ్రాసికొందురు. వాడు తరువాతి సప్లిమెంటరీలో ఆ పరీక్ష వ్రాసికొనవలెను. ఇంటర్మీడియటు బోర్డు వేసవిలోనే సప్లిమెంటరీ జరుపుట, ఏడాది వ్యర్థము కాకుండుటకే. కావున ఒక్క పరీక్ష తప్పినంతమాత్రమున ఏడాది పోయినట్లు కాదు.

చదువుకు శక్తియుండి వ్రాయుటకు చేయి స్వాధీనములో లేనివారి సంగతి వేరు. వ్రాయలేని వికలాంగునకు లేఖకుని ఇచ్చి, గంటకు 20 నిమిషములకు తగ్గకుండ అదనపు కాలమీయవలెనని కేంద్రప్రభుత్వము 2018లో నిర్దేశించినది. వైకల్యము నూటికి 40 వంతులు లేదను కారణముననే లేఖకుని నిరాకరింపరాదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

ఇక మనము చేయవలసినది. జబ్బుపడిననాడే వైద్యునికి చూపి, తేదీలతోడి ధ్రువపత్రము పుచ్చుకొనుడు. ఆసుపత్రి చీటీలను దాచుడు. ప్రిన్సిపాలునకు అర్జీ ఇచ్చి, అందినట్లు వ్రాత తీసికొనుడు. సప్లిమెంటరీ రుసుము గడువును అప్పుడే అడుగుడు. నెల గడచినపిదప తెచ్చిన పత్రమును ఎవరైనను శంకింతురు. లేని రోగమునకు కొన్న పత్రము నిజమైన రోగి పత్రమునకును విలువ లేకుండ జేయును. అట్టిదానికి పెద్దలు చేయూత నీయరాదు.

పరీక్ష మరల వచ్చును. బిడ్డ ఆరోగ్యము చెడినచో అంత సులభముగా మరల రాదు. జ్వరముతో బయలుదేరిన బిడ్డను ఆపి ఈ మాట చెప్పవలసినవారు మీరే.