మీకు తెలుసా? కోనసీమకు అక్కర్లేని టైర్లు

అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో కారు ఏడాది పొడవునా ఒకే సెట్టు టైర్ల మీద తిరుగుతుంది. కెనడాలోని క్యుబెక్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఆ వీలు లేదు. అక్కడ డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా కార్లకు శీతాకాలపు టైర్లు తప్పనిసరి.

• ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పడిపోతే వేసవి టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. శీతాకాలపు టైరు మెత్తగానే ఉంటుంది.

• దాని గుర్తు: మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు.

• ఇంటి దగ్గర చక్రం మార్చేటప్పుడు జాకీతో ఎత్తకముందే నట్లు కాస్త వదులు చేయాలి. బిగించేటప్పుడు ఒకదానికి ఎదురుగా ఉన్న దాన్ని బిగిస్తూ పోవాలి.

• కోనసీమలో జాగ్రత్తంతా వానకే. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు అరిగితే టైరు మార్చాల్సిందే.