మైదానం వీడాక మిగిలే కొలువు ఏది?
క్రీడా పాలనలో కొత్త అవకాశాలు - రైల్వే పట్టణంలో పాత లెక్కలు

బిలాస్‌పూర్: హౌరా-ముంబయి ప్రధాన మార్గంపై ఉన్న ఈ రైల్వే పట్టణంలో క్రీడాకారుల ఆశలు ఒక ప్రకటన చుట్టూ పరిభ్రమిస్తుంటాయి. క్రీడా కోటా కింద ఆగ్నేయ మధ్య రైల్వే నియామక విభాగం జారీ చేసే ఆ ప్రకటనలో గుర్తింపు పొందిన పోటీల్లో సాధించిన విజయాలకు 50 మార్కులు; ఆటతీరు, దేహదార్ఢ్యం, శిక్షకుల పరిశీలనకు 40; చదువుకు 10. అభ్యర్థి వయస్సు 18, 25 ఏళ్ళ మధ్య ఉండాలి. ఏ వర్గానికీ సడలింపు లేదు.

ఈ లెక్క కొలువులో చేరడానికి సరిపోతుంది. ముప్పయ్యో ఏట మోకాలు మొరాయించిన తర్వాత మిగిలే మూడు దశాబ్దాల సర్వీసుకు మాత్రం సరిపోదు. అప్పుడు ఆ క్రీడాకారుడు టికెట్ల తనిఖీలోనో, కార్యాలయంలో ఫైళ్ళ ముందో మామూలు ఉద్యోగి. శిక్షకులుగా కొనసాగేది కొందరే.

రైల్వేలలో క్రీడల నిర్వహణకు 1928లోనే ప్రత్యేక సంఘం ఏర్పడింది. నేటి రైల్వే క్రీడా ప్రోత్సాహక మండలికి అదే మూలం. బిలాస్‌పూర్ కేంద్రంగా 2003 ఏప్రిల్‌లో కొత్త జోన్ పనిచేయనారంభించాక ఇక్కడా జోనల్ క్రీడా సంఘం వెలసింది. ఇటువంటి సంఘాల పదవులను సాధారణంగా రైల్వే అధికారులే తమ విధులకు అదనంగా నిర్వహిస్తుంటారు. జట్ల ప్రయాణ ఏర్పాట్లు, సెలవుల మంజూరు, సామగ్రికి టెండర్లు, మైదానాల సంరక్షణ, అర్హత పత్రాల పరిశీలన, నిషిద్ధ ఉత్ప్రేరకాల నిబంధనలు... జాబితా చిన్నదేమీ కాదు. పతకం గెలిచినంత మాత్రాన టెండరు రాయడం రాదు. టెండరు రాయడం వచ్చినవారికి ఆటగాడి కష్టం తెలియాలనీ లేదు.

ఈ రెంటినీ కలిపిన ఉదాహరణలు లేకపోలేదు. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు, 2000 సిడ్నీ ఒలింపిక్స్ కాంస్య పతక విజేత కరణం మల్లీశ్వరి భారత ఆహార సంస్థలో అధికారిణిగా ఎదిగి, 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితులయ్యారు. దక్షిణ రైల్వేలో పనిచేసిన పి.టి.ఉష 2022 డిసెంబరులో భారత ఒలింపిక్ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. ఉత్తరాంధ్ర నుంచి రైలు కొలువుల వెంట వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మల్లీశ్వరి పేరు కొత్త కాదు.

ఇదిలా ఉండగా, పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం సమాఖ్యల స్వరూపాన్నే మార్చదలచింది. కార్యవర్గంలో 15 మందికి మించరాదు. వారిలో కనీసం నలుగురు మహిళలు, ఇద్దరు ప్రతిభావంతులైన క్రీడాకారులు ఉండాలి. వివాదాల పరిష్కారానికి ట్రిబ్యునల్‌నూ నిర్దేశించింది. ఎన్నికలు, జమాఖర్చులు, న్యాయ వ్యవహారాలు ఇక తీరిక వేళల్లో చక్కబెట్టే పనులు కావు. చట్టం అమలయ్యే కొద్దీ సమాఖ్యలకు పూర్తికాలపు నిర్వాహకులు, గణకులు, న్యాయ నిపుణుల అవసరం పెరగడం సహజం.

చదువు దొరకనిదేమీ కాదు. కోల్‌కతాలో 1953లో నెలకొన్న సాంఘిక సంక్షేమ, వ్యాపార నిర్వహణ విద్యాసంస్థ క్రీడా నిర్వహణలో డిప్లొమా ప్రవేశపెట్టింది. రోహ్‌తక్ ఐఐఎం కూడా ఉద్యోగుల కోసం ఇటువంటి కోర్సునే చేపట్టింది. బిలాస్‌పూర్ నుంచి కోల్‌కతాకు రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి చేరవచ్చు. అయితే పదో తరగతితోనో, ఇంటర్‌తోనో చదువు ఆపి ట్రాక్‌పైకి దిగిన యువతీ యువకులకు ముందుగా కావలసింది డిగ్రీ.