ఇద్దరికీ సరిపడే దారి: గండికోట నుంచి బెలుం దాకా

జమ్మలమడుగు నుంచి పడమరగా 15 కిలోమీటర్లు వెళ్తే రోడ్డు కోట ద్వారంలోంచి ఊళ్లోకి తీసుకెళ్తుంది. గండికోటలో కోట పక్కన ఊరు లేదు, కోటలోనే ఊరుంది. శతాబ్దాల నాటి గోడల మధ్య ఇప్పటికీ పొయ్యిలు వెలుగుతాయి, మేకలు మేతకు బయల్దేరతాయి. ఒక రాత్రి, రెండు పగళ్లు తీరిక చేసుకుని ఆలుమగలిద్దరే కారులో బయల్దేరాలనుకుంటే రాయలసీమలో ఇంతకన్నా మంచి దారి దొరకడం కష్టం.

మధ్యాహ్నం ఎండ తగ్గాక కోటలోకి అడుగుపెట్టాలి. ద్వారం దాటగానే చార్మినార్ అని ఊరివాళ్లు పిలుచుకునే పావురాల గోపురం, ఆ తర్వాత జైలు కట్టడం కనిపిస్తాయి. కాస్త ముందుకెళ్తే జామియా మసీదు, దాన్ని ఆనుకుని కమాను కప్పుతో ధాన్యాగారం, ఓ పక్క రంగనాథాలయం, మరో పక్క విజయనగర శైలిలో మాధవరాయస్వామి గోపురం. ఇవన్నీ కూతవేటు దూరంలోనే ఉన్నాయి. కత్తుల కోనేరు గట్టున కూర్చుంటే, యుద్ధం ముగిశాక సైనికులు ఇక్కడే కత్తులు కడిగేవారని స్థానికులు కథ చెబుతారు.

1123లో కళ్యాణి చాళుక్యుల సామంతుడు కాకరాజు ఇక్కడ తొలి కోట కట్టించాడని చెబుతారు. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని ఏలారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని గెలుచుకున్నాడు. రెండేళ్లకు, 1652లో, ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఆయన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. కోట చుట్టుకొలత దాదాపు 8 కిలోమీటర్లు. ఒక వైపు మాత్రం గోడ కన్నా గట్టి కాపలా పెన్నానదిదే.

మసీదు వెనక బండల మీదుగా నడిస్తే ఆ పెన్న కనిపిస్తుంది. సుమారు 300 అడుగుల లోతున నీళ్లు, రెండు పక్కలా అరలు అరలుగా పేర్చినట్టున్న ఎర్రరాయి. ఎర్రమల కొండలను చీల్చుకుంటూ నది తనకు తాను వేసుకున్న దారి ఇది. సాయంత్రం ఒకసారి చూసి సరిపెట్టుకోకండి. పొద్దున్నే మళ్లీ వెళ్తే, నిన్న నల్లగా కనిపించిన గోడే ఎండకు ఎర్రబడి కొత్తగా ఉంటుంది.

అక్కడి నుంచి బెలుం గుహలు సుమారు 60 కిలోమీటర్లు. కొలిమిగుండ్ల దగ్గరపడేకొద్దీ నాపరాళ్ల గనులు, రోడ్డు పక్కన పేర్చిన బండలు కనిపిస్తాయి. మన ఇళ్లలో పరిచే నాపరాయి సున్నపురాయే. అలాంటి సున్నపురాతినే నీరు లక్షల ఏళ్లపాటు కరిగిస్తూ భూమి లోపల దారులు తొలిచింది. గండికోటలో కొండను బయట నుంచి కోసిన నీటి పనితనాన్ని ఇక్కడ లోపల నుంచి చూస్తాం.

బెలుం గుహల గురించి 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1982-84 మధ్య జర్మనీకి చెందిన గుహల పరిశోధకుడు గెబావర్ బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002లో సందర్శకులకు తెరిచారు. ఇప్పుడు సుమారు కిలోమీటరున్నర దాకా నడవొచ్చు. ఇక్కడి రాతి ఊడలు మర్రిచెట్టు ఊడల్లాగే ఉంటాయి. సప్తస్వరాల గుహలో ఒక్కో రాతిని తడితే ఒక్కో స్వరం పలుకుతుంది. అన్నిటికన్నా లోతున, 46 మీటర్ల కింద, పాతాళగంగ. సన్నటి ధార పారుతూ వచ్చి రాళ్ల సందులో మాయమవుతుంది. ఆ నీరు బెలుం ఊరి బావిలో తేలుతుందని గ్రామస్థుల నమ్మకం.

గండికోటకు బెంగళూరు నుంచి సుమారు 280 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి సుమారు 370. రాత్రి బసకు కోట దగ్గర పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, గది ముందే మాట్లాడుకోవాలి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. గుహలో ఉక్కపోత ఎక్కువ కాబట్టి నూలు బట్టలు, నీళ్ల సీసా మరవొద్దు. లోయ అంచున ఫొటోల కోసం వెనక్కి అడుగులు వేయొద్దు. మరొక్క మాట. ప్రేమ గుర్తుగా కోట గోడల మీద పేర్లు చెక్కకండి. మీ తర్వాత వచ్చే జంటకూ ఆ గోడలు ఇలాగే దక్కాలి.