మొరాయించిన చీల

ఆర్మూరు ప్రాంతమున, ఎండిన పసుపు కొమ్ములకు మెరుగుపెట్టు డ్రమ్ము ఇరుసులో చీల పట్టివేసినచో మరమ్మతు ఆగును, సరకు అంగడికి చేరుట ఆలస్యమగును. అయినను తొందరపడి సుత్తితో బాదరాదు. ముందుగా చీల రెండు కొనల లావును కొలువవలెను. మెట్రిక్ కొలతల వాలు చీల 50 మిల్లీమీటర్ల పొడవునకు 1 మిల్లీమీటరు సన్నగిల్లును. కనుక సన్నని కొననుండియే కొట్టవలెను; లావు కొనపై కొట్టినకొలది అది మరింత బిగియును. నూనె పోసి నాననిచ్చి, ఇరుసు క్రింద గట్టి ఆధారముంచి కొట్టినను కదలనిచో, ఇరుసును డ్రిల్లు మరపై కదలకుండ బిగించి, చీల నడుమ గుర్తు పెట్టి, దానికన్న సన్నని బరమాతో తొలువవలెను. బోలైన చీల పట్టు సడలును. కంటికి అద్దములు తప్పనిసరి. చీలను మరల చేయించవచ్చును. ఇరుసు వంగినచో పంటకాలము చేజారును.